పిల్లల రక్తకేన్సరు: సాధ్యాసాధ్య విచారము



చరకసంహిత సూత్రస్థానమున వ్యాధులు నాలుగు తెగలుగా విభజింపబడినవి. సులభముగా కుదురునవి సుఖసాధ్యములు. కష్టముమీద కుదురునవి కృచ్ఛ్రసాధ్యములు. మందు వాడునంతకాలము అణగియుండి, మానినంతనే మరల లేచునవి యాప్యములు. ఏ చికిత్సకును లొంగనివి అసాధ్యములు. వైద్యుడు చికిత్సకు పూనుకొనక పూర్వమే వ్యాధి యే తెగకు చెందినదో నిర్ణయింపవలెను. దీనికే సాధ్యాసాధ్య విచారమని పేరు.

ఒక మనుష్యుని జీవితకాలములో ఒకే వ్యాధి అసాధ్యము నుండి యాప్యమునకును, యాప్యము నుండి సాధ్యమునకును మారుట మిక్కిలి యరుదు. పిల్లలకు వచ్చు తీవ్ర రక్తకేన్సరు అట్టి యరుదైన వ్యాధులలో నొకటి. దీనినే డాక్టర్లు లుకేమియా యందురు. ఆ మార్పునకు తొలిమెట్టు కట్టినవారిలో నొకరు గోదావరి సీమలో పుట్టిన తెలుగువారు. ఆ చరిత్రను, దానినుండి మన ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దు గ్రామములవారు గ్రహింపదగిన విషయమును నేడు మనవి చేసెదను.

మొదట వ్యాధి స్వరూపము తెలియవలెను. మన నెత్తురు ఎముకలలోని మూలుగయందు పుట్టును. అక్కడ ఎఱ్ఱకణములు, తెల్లకణములు, నెత్తురును గడ్డకట్టించు ప్లేట్‌లెట్లు నిత్యము తయారగుచుండును. ఈ వ్యాధియందు ఎదుగని తెల్లకణములు హద్దులేక పెరిగి, వరిమడిని కలుపు క్రమ్మినట్లు మూలుగను క్రమ్మివేయును. ఎఱ్ఱకణములు తగ్గుటచే బిడ్డ పాలిపోవును. ప్లేట్‌లెట్లు తగ్గుటచే చిగుళ్ళనుండి నెత్తురు కారును. దెబ్బ తగులకయే ఒంటిమీద నల్లని కమిలిన మచ్చలు, ఎఱ్ఱని చుక్కలు కనబడును. మంచి తెల్లకణములు లేకపోవుటచే జ్వరము విడువదు. ఎముకలు నొచ్చి బిడ్డ కుంటును. మెడయందు బిళ్ళలు కట్టవచ్చును, కడుపు ఉబ్బవచ్చును.

మన ప్రాంతమున జ్వరము వచ్చి బిడ్డ పాలిపోయిన యెడల ముందుగా మలేరియా యనుకొందుము. అది తప్పు గాదు. మన్యమున అదియే హెచ్చు. కొందరు దిష్టి యందురు, కొందరు వడ్డెను పిలిపింతురు. కాని మలేరియా మందునకు లొంగని జ్వరము, పాలిపోవుట, కమిలిన మచ్చలు ఈ మూడును కూడియున్న యెడల సంపూర్ణ రక్తపరీక్ష చేయించుట తప్పనిసరి.

ఇక చరిత్రకు వత్తము. 1845లో జర్మనీయందు విర్కో యను పండితుడును, స్కాట్లండునందు బెన్నెట్ అను వైద్యుడును ఈ వ్యాధిని వేఱువేఱుగా వర్ణించిరి. చనిపోయిన రోగుల నెత్తురు తెల్లబడియుండుట చూచి విర్కో దీనిని తెల్లనెత్తురు అనెను. 1847లో గ్రీకు మాటలతో లుకేమియా యని నామకరణము చేసెను. పేరు పెట్టిరే గాని మందు దొరకలేదు. అటుపై నూరేండ్లవరకు తీవ్ర రక్తకేన్సరు సోకిన బిడ్డ కొన్ని వారములలోనో, కొన్ని నెలలలోనో గతించుటయే జరిగెను. అది ముమ్మాటికి అసాధ్య వ్యాధి.

ఈ స్థితిలో యెల్లాప్రగడ సుబ్బారావుగారి కథ వచ్చుచున్నది. వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. రాజమహేంద్రవరమునను, మద్రాసునందును చదివి, మద్రాసు వైద్యకళాశాలలో వైద్యవిద్య నభ్యసించిరి. గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిరి. వారి యిద్దరు సోదరులు స్ప్రూ అను వ్యాధివలన స్వల్పకాల వ్యవధిలో మరణించిరి. తిన్న తిండి ఒంట బట్టక, విరేచనములతో శరీరము శుష్కించి, నెత్తురు క్షీణించు వ్యాధి అది. ఆ దుఃఖము వారి హృదయమున శల్యమువలె నాటుకొనెను. మద్రాసునందలి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, అమెరికాకు పయనమై బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయమును చేరిరి. రక్తములోని భాస్వరమును కొలుచుటకు ఫిస్కేతో కలిసి 1925లో వారు ప్రకటించిన పద్ధతి నేటికిని రసాయనశాస్త్రమున వారి పేరుతోనే చెప్పబడుచున్నది. 1940లో వారు లెడర్లీ అను ఔషధ సంస్థయొక్క పరిశోధనాలయమున చేరిరి.

ఆ కాలముననే రక్తక్షయమునకు సంబంధించిన మఱియొక యన్వేషణ సాగుచుండెను. 1930 ప్రాంతమున లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారము నిచ్చిన అది కుదురునని కనుగొనెను. దానిలోని గుణద్రవ్యమేదో ఆమెకు తెలియలేదు. 1941లో అమెరికా పండితులు దానివంటి ద్రవ్యమును బచ్చలివంటి యొక ఆకుకూరనుండి వేరుచేసి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. లాటిను భాషలో ఆకునకు ఫోలియమని పేరు. 1945లో సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు ఆ ద్రవ్యమును ప్రయోగశాలలో తయారుచేసిరి. తన సోదరులను బలిగొన్న వ్యాధికి పనికివచ్చు మందు ఆ విధముగా వారి చేతికి వచ్చెను.

ఇచట చరిత్ర యొక మలుపు తిరిగినది. బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తకేన్సరు గల పిల్లలకు ఫోలిక్ ఆమ్లమునకు సంబంధించిన ద్రవ్యముల నిచ్చి చూచెను. వ్యాధి తగ్గలేదు సరిగదా, మఱింత వేగముగా పెరిగినట్లు ఆయనకు తోచెను. నెత్తురును పెంచు ద్రవ్యము చెడు కణములను సైతము పెంచుచున్నది! అట్లైన, దానిని కణములకు అందకుండ చేసిన నేమగును? ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పని చేయని ద్రవ్యము కావలసివచ్చెను. తాళములో దూరి తిరుగక, అసలు తాళపుచెవిని దూరనీయని నకిలీ చెవివంటి దన్నమాట. అట్టి ద్రవ్యములను సుబ్బారావుగారి బృందము తయారుచేసి ఫార్బరునకు పంపెను. వానిలో నొకటి అమినోప్టెరిను. 1947 డిసెంబరులో ఫార్బరు దానిని పిల్లలకిచ్చుట మొదలిడెను. మంచము పట్టిన పిల్లలు లేచి నడచిరి. 1948 జూనులో ప్రకటించిన వ్యాసమున, మందు పుచ్చుకొన్న 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడెనని ఆయన వ్రాసెను. దానికి సోదరియైన మెథోట్రెక్సేటు అను మందు నేటికిని ఈ వ్యాధి చికిత్సలో ముఖ్యాంగముగ నున్నది. ఆ 1948 ఆగస్టు నెలలోనే సుబ్బారావుగారు న్యూయార్కులో కన్నుమూసిరి. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు.

ఫార్బరు వ్రాసిన గుణము తాత్కాలికము. కొన్ని నెలలకు ఆ పిల్లలలో వ్యాధి తిరుగబెట్టెను. పిల్లలు గతించిరి. అసాధ్యము యాప్యమైనదే గాని సాధ్యము కాలేదు. ఈ మాటను దయతో జ్ఞాపకముంచుకొనుడు. నా ప్రసంగమంతయు దీనిమీదనే నిలిచియున్నది. బిడ్డ బాగుగా కనబడుట వేఱు, వ్యాధి పోవుట వేఱు. కోట్లకొలది చెడుకణములలో నూటికి తొంబదితొమ్మిది నశించినను మిగిలిన వంతు మరల మొలకెత్తును. తుంగను పైపైన కోసి మడి శుభ్రమైనదని మురిసిన రైతు నెల తిరుగకమునుపే పశ్చాత్తాపపడును గదా!

వైద్యలోకమునకు ఈ పాఠము వంటబట్టుటకు ఇరువది సంవత్సరములు పట్టినది. 1953లో మెర్‌కాప్టోప్యూరిను అను మాత్ర వాడుకలోనికి వచ్చెను. దానిని కనుగొన్న గెర్ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్స్ అనువారలకు 1988లో నోబెలు బహుమాన మీయబడినది. 1960ల దశకమున విన్‌క్రిస్టీను అను సూదిమందు వచ్చెను. దీని జన్మస్థానము మన వాకిళ్ళయందు పూచు బిళ్ళగన్నేరు. ఐనను ఆ ఆకును నమలుటవలన గాని, కషాయము త్రాగుటవలన గాని ఈ వ్యాధి పోదు. అది విషపు మొక్క. అందలి సారమును శుద్ధిచేసి, మితము తప్పక రక్తనాళములోని కెక్కించినప్పుడే అది ఔషధము.

1962లో అమెరికాదేశపు మెంఫిసు నగరమున సెయింట్ జూడ్ ఆసుపత్రి వెలసినది. దాని మొదటి అధిపతి డొనాల్డ్ పింకెల్ యాప్యముతో తృప్తి చెందక, పూర్తిగా కుదుర్చుటయే లక్ష్యముగా పెట్టుకొనెను. ఆయన మందులను ఒక్కొక్కటిగా గాక కలిపి యిచ్చెను. చెడుకణములు మెదడు చుట్టునుండు నీటిలో దాగి, నోటిమందులకు అందకుండ తప్పించుకొనుచున్నవని గ్రహించి, తలకు కిరణచికిత్సయు, వెన్నులోనికి మెథోట్రెక్సేటు సూదియు ఇచ్చెను. బిడ్డ బాగుపడినట్లు కనబడిన తరువాత గూడ రెండు మూడేండ్లు మందు మానలేదు. ఆ దశకము చివర చికిత్స పొందిన పిల్లలలో సుమారు సగమంది పూర్తిగా కోలుకొనిరి. యాప్యము సాధ్యమైనది. పిమ్మట జర్మనీలో రీమ్ మొదలగువారు చికిత్సను మఱింత దిట్టపరచిరి. తలకు కిరణములు పెట్టుట నేడు చాలవరకు తగ్గి, వెన్నుసూదియే ఆ పని చేయుచున్నది. సంపన్నదేశములలో నేడు ఈ వ్యాధిలో ప్రధానమైన తెగ సోకిన పిల్లలు నూటికి 90 మంది వరకు బ్రతుకుచున్నారు.

మఱి అందరును ఏల బ్రతుకరు? ఎవరికి సులభము, ఎవరికి కష్టము? ఈ ప్రశ్నకు సమాధానమే నేటి సాధ్యాసాధ్య విచారము. అందు కొన్ని లక్షణములు వ్యాధిలోనే యున్నవి.

మొదటిది తెగ. పిల్లల తీవ్ర రక్తకేన్సరులలో సుమారు ముప్పాతికవంతు లింఫోబ్లాస్టిక్ అను తెగవి. ఇవి బాగుగా లొంగును. మైలాయిడ్ అను రెండవ తెగ అంతకంటె మొండిది. ఇక ముందు చెప్పునది మొదటి తెగనుగూర్చియే. రెండవది వయస్సు. ఏడాది నిండి పదేండ్లు నిండని పిల్లలకు ఫలితము మేలు. పది దాటినవారికి కష్టము హెచ్చు. ఏడాది నిండని పసికందులకు మఱింత కష్టము. మూడవది వ్యాధి తెలిసిన నాటి తెల్లకణముల లెక్క. ఆరోగ్యవంతుని నెత్తురులో ఒక మైక్రోలీటరునకు 4,000 మొదలు 11,000 వరకు తెల్లకణములుండును. రోగియందు ఆ లెక్క 50,000 లోపుననున్న మేలు. అంతకు మించిన కొలది అపాయము హెచ్చు.

నాలుగవది కణముల జాతి. లింఫోబ్లాస్టిక్ తెగలో బి జాతి, టి జాతి యని రెండు గలవు. టి జాతికి గట్టి చికిత్స కావలయును. ఐదవది క్రోమోసోములు. ఇవి కణగర్భమున వంశలక్షణములను మోయు సన్నని పోగులు. మనుష్యునకు 46 ఉండును. చెడుకణములలో ఇవి 50కి మించిన శుభసూచకము. 44కు తగ్గిన కీడు. 1960లో ఫిలడెల్ఫియా నగరమున ఇద్దరు పండితులు కనుగొన్న యొక వికృత క్రోమోసోము, కొద్దిమంది పిల్లలలోనే యున్నను, ఒకప్పుడు మృత్యుచిహ్నముగా నెంచబడెను. 2001లో అనుమతి పొందిన ఇమాటినిబ్ అను మాత్రను పిమ్మట ఇతర మందులతో కలిపి యిచ్చుటవలన ఆ పిల్లలకును ఆశ కలిగినది. ఆరవది వ్యాధి పాకిన చోటు. మెదడు నీటిలోనికిగాని, మగపిల్లల వృషణములలోనికిగాని చేరిన యెడల చికిత్స పెంచవలసివచ్చును.

వీనియన్నింటికంటె బలవత్తరమైన లక్షణ మొకటి కలదు. అది మందునకు వ్యాధి లొంగు తీరు. తొలివారము చికిత్స గడచిన యెనిమిదవ నాడు నెత్తురులో చెడుకణములు ఎన్ని మిగిలినవో చూతురు. తొలినెల ముగిసిన పిదప మూలుగను తీసి, పదివేల కణములలో ఒక్క చెడుకణ మున్నను పట్టగల పరీక్ష చేయుదురు. అప్పటికి మిగిలియుండినచో చికిత్సను తీవ్రము చేయుదురు. పూర్వము కంటికి కనబడినదే ప్రమాణము. నేడు కంటికి కనబడని శేషమే ప్రమాణము. ఋణశేషము, అగ్నిశేషము, వ్యాధిశేషము ఉంచరాదని పెద్దలు చెప్పుట ఇందులకే కాబోలు.

పైవానిలో ఏదియు మన చేతిలో లేదు. బిడ్డ తన వయస్సును గాని, కణముల జాతిని గాని ఎంచుకొనలేదు. తల్లిదండ్రుల పాపము గాదు, శాపము గాదు, అంటువ్యాధియు గాదు. కాని రెండవ విధమైన కారణములున్నవి. అవి సంపూర్ణముగా మన చేతిలోనివి. మన దేశమున 1984 మొదలు క్రమముగా మద్రాసు అడయారు కేన్సరు సంస్థ, బొంబాయి టాటా ఆసుపత్రి, ఢిల్లీ అఖిలభారత వైద్య విజ్ఞాన సంస్థ ఒకే చికిత్సాక్రమమును అవలంబించగా, సుమారు సగమంది పిల్లలు నిలిచిరి. మిగిలినవారు నిలువకపోవుటకు వ్యాధి మొండితన మొక్కటే కారణము గాదు. ఆలస్యముగా వచ్చుట, బలహీనత, చికిత్స నడుమ సోకు అంటుజ్వరములు, అన్నింటికంటె శోచనీయముగా చికిత్సను నడుమ మానుకొనుట కారణములు.

ఇచట నా యపరాధ మొకటి చెప్పక తప్పదు. సుమారు ముప్పది సంవత్సరముల క్రిందట నేను అడవియంచున నొక పాఠశాలలో పనిచేయుచుంటిని. మూడవ తరగతి బాలునికి ఈ వ్యాధి వచ్చెను. తండ్రి ఎడ్లజత నమ్మి వానిని దూరపు నగరమునకు తీసికొనిపోయెను. రెండు నెలలకు బాలుడు తిరిగివచ్చెను. జుట్టు రాలినదిగాని ముఖమున నెత్తురు వచ్చినది. బడిలో మునుపటివలె గంతులు వేయుచుండెను. నాగళ్ళ పదును వచ్చినది. తండ్రి నా యింటికి వచ్చి యిట్లడిగెను: “పంతులుగారూ, పిల్లగాడు మంచిగనే ఉన్నడు గదా. మళ్ళ పట్నం పోవాల్నంటరా?” నేను పొలముపని ముగిసిన పిమ్మట పోవచ్చునంటిని. నా మాట ఆ యూర చెల్లుబడి యగుచుండుటచే ఆయన ఆగెను. ఆరు నెలలకు వ్యాధి తిరుగబెట్టెను. రెండవమారు మందు అందుకొనలేదు. ఫార్బరు నాటి పిల్లలకు మందు చాలక జరిగినది, ఈ బాలునికి మందుండియు నా మాటచే జరిగినది. నాకు వ్యాకరణము వచ్చును, తర్కము వచ్చును. ఈ యొక్క విషయము రాకపోయెను. అందుచేతనే నేడు మీ యెదుట మాటాడుచున్నాను.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. మొదటి రెండింటికి హైదరాబాదున 1955లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ కేన్సరు ఆసుపత్రివంటి సంస్థలున్నవి. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీలో కేన్సరు చికిత్సయు చేరినది. కాని భద్రాచలమునుండి హైదరాబాదునకు దారి మూడువందల కిలోమీటర్లకు పైబడినది. బస్సు ఖర్చు, అక్కడి బస, పోయిన కూలి, ఇంటనున్న తక్కిన పిల్లల పోషణ ఏ ఆసుపత్రి చీటీలోను వ్రాయబడవు. దుమ్ముగూడెము, చర్ల అవతలి గూడెముల వారికి ఈ దూరమే వ్యాధికంటె పెద్దది. మూడవదైన పరిచారక పాదము ఇచటనే విరుగుచున్నది. దానిని నిలుపవలసినది గ్రామము.

కావున పెద్దలకు నా మనవి యిది. విడువని జ్వరముతో పాలిపోయి, ఒంట కమిలిన మచ్చలున్న బిడ్డను చూచినచో వెంటనే రక్తపరీక్షకు పంపుడు. ఊరివైద్యుని చేత స్టీరాయిడు సూది వేయింపకుడు. అది చెడుకణములను కొంత అణచి రోగనిర్ణయమును తారుమారు చేయును, చికిత్సయొక్క లెక్కను తప్పించును. వ్యాధి నిర్ణయమైన పిమ్మట ఆ కుటుంబము రెండు మూడేండ్లు రాకపోకలు చేయవలెనని ముందే తెలిసికొని, వారి పొలము వంతులవారీగా దున్నించుడు. బిడ్డకు శుభ్రమైన కాచిన నీరు, వేడియన్నము, గ్రుడ్డు, పప్పు దొరకునట్లు చూడుడు. ఏలయన బక్కచిక్కిన బిడ్డ మందును గాని అంటుజ్వరమును గాని తట్టుకొనజాలదు. చికిత్స నడుమ జ్వరము వచ్చినచో తెల్లవారనిమ్మని యాగక ఆ రాత్రియే ఆసుపత్రికి చేర్చుడు.

ఇంటిలో రోజును ఇచ్చు మాత్రను ఒక్కనాడును తప్పింపరాదు. మెర్‌కాప్టోప్యూరిను మాత్రలను నూటికి 95 వంతులకంటె తక్కువగా పుచ్చుకొన్న పిల్లలలో వ్యాధి తిరుగబెట్టుట హెచ్చని 2012లో అమెరికా పరిశోధకులు ప్రకటించిరి. నూరు దినములలో ఆరు దినములు మరచుట మనకు స్వల్పముగా తోచును. వ్యాధికి ఆ సందు చాలును. ఎవరేని తండ్రి మీ యరుగుమీదికి వచ్చి, బిడ్డ బాగుగనే యున్నాడు, మరల పోవలెనా యని యడిగినచో, పోవలెనని చెప్పుడు. చార్జీలు లేవన్నచో పదిమంది కలిసి యిండు.

సుబ్బారావుగారు తమ సోదరులను దక్కించుకొనలేకపోయిరి. కాని వారు వేసిన మార్గమున వారెన్నడు నెఱుగని దేశముల పిల్లలు లక్షలకొలది బ్రతికిరి. అసాధ్యమును యాప్యము చేయుట శాస్త్రజ్ఞుల వంతు. యాప్యమును సాధ్యము చేసినదియు వారే. సాధ్యమైనదానిని మరల అసాధ్యము కానీయకుండుట మన వంతు.